కారవాన్ ముక్కు బరువు

బురైదా,
డిసెంబర్ 6, 2024, శుక్రవారం

ప్రియమైన ప్రేమలతకు,

మీ ఆయన భోజన్న రాస్తున్నాడు. చలికి నడుం నొప్పి కొంచెం ఎక్కువైంది తప్ప నాకేం కాలేదు. నువ్వూ, శ్రీజా బాగున్నారనుకుంటున్నాను.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు, నవ్వుకో. నేను ఫోన్ చేసినప్పుడల్లా నువ్వు స్పీకర్ పెడతావు. ఒక పక్క మీ అమ్మ ముత్యవ్వ, ఇంకో పక్క మీ తమ్ముడి పెళ్ళాం, మధ్యలో బీడీల చాటలు. పుట్టిల్లు పక్క వాడలోనే ఉన్నందుకు ఆ మాత్రం సుఖం ఉంటుంది, కాదనను. కానీ నేను చెప్పాల్సింది మీ తమ్ముడు యాదగిరి గురించే. అందుకే కాగితం మీద పెట్టి, సెలవు మీద కోరుట్ల పోతున్న ముస్తాక్ చేతికిస్తున్నాను. నువ్వొక్కదానివే చదువుకుని దాచిపెట్టు.

మీ తమ్ముడు ఇక్కడికొచ్చి ఎనిమిది నెలలైంది. మా యజమాని కఫీల్ అబూ ఫహద్‌ను బతిమాలి వీసా తీయించింది నేనే. ఈ ఖర్జూరం తోటలో తొమ్మిదేళ్ళుగా నేను పెద్ద డ్రైవర్ని. తోటలో ఏ బండి తాళం ఎక్కడుంటుందో కఫీల్‌కు తెలియదు, నాకు తెలుసు. ఆ తొమ్మిదేళ్ళ మర్యాద మీ తమ్ముడు ఎనిమిది నెలల్లో ఎలా ఊడ్చిపెట్టాడో విను.

కఫీల్ కొడుకు ఫహద్‌కు ఒక పికప్ ఉంది. కొన్నప్పుడు అది కూడా నలుగురి పికప్‌ల లాంటిదే. ఆ మహానుభావుడికి అది చాలలేదు. ఇక్కడ రిపేరు షెడ్లన్నీ ఒక్కచోటే ఉంటాయి, ఆ పేటను సనాయ్యా అంటారు. అక్కడ ఇష్తియాక్ అనే పాకిస్తానీ వెల్డర్‌కు అప్పగించి బండిని ఎత్తు చేయించాడు. స్ప్రింగులు మార్చాడు, లారీకి వేసేంత టైర్లు వేయించాడు, ముందర ఇనుప మూతి, నెత్తిన వరసగా లైట్లు. ఎక్కాలంటే మెట్టు కావాలి, దిగాలంటే దూకాలి. ఇంత చేసి దాని మీద ఏం మోస్తాడయ్యా అంటే ఒక కాఫీ ఫ్లాస్కు, రెండు దిండ్లు. సనాయ్యా నుంచి తోటకొచ్చే దాకా అద్దంలో తన మొహమే చూసుకున్నాడు.

ఈ ఏడు వానలు బాగా పడ్డాయి. ఇసుకలో నాలుగు గడ్డిపోచలు మొలిస్తే చాలు, వీళ్ళకు ఇంట్లో కాలు నిలవదు. ఎడారిలోకి పోయి వారం పది రోజులు డేరాలు వేసుకుని, కట్టెల మంట చుట్టూ కూర్చుని వస్తారు. ఏసీలున్న ఇల్లు వదిలేసి మట్టిలో కూర్చోవడం వీళ్ళకు పండుగ. ఈసారి ఫహద్‌కు డేరా కూడా నామోషీ అయింది. కారవాన్ కొన్నాడు. కారవాన్ అంటే రెండు చక్రాల మీద చిన్న ఇల్లు. అందులో మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ ఉంటాయి, ఇంజను మాత్రం ఉండదు. బండి వెనక హుక్కుకు తగిలించి లాక్కుపోవాలి. తెలిసిందిగా? మన ట్రాలీయే. ట్రాక్టర్ ట్రాలీకి గోడలు పెట్టి పరదాలు కట్టి దానికి గొప్ప పేరు పెట్టుకున్నారు.

పికప్‌ను అంత ఎత్తు లేపాక దాని హుక్కు నా ఛాతీ దాకా వచ్చింది. కారవాన్ కొక్కెమేమో మోకాలి దగ్గరుంది. ఇష్తియాక్ మూరెడు ఇనుప ముక్క కిందికి వేలాడదీసి వెల్డింగు చేశాడు. అయినా చాలలేదు. తగిలించి చూస్తే కారవాన్ ముక్కు పైకెత్తుకుని ఆకాశం చూస్తూ నిలబడింది. ఫహద్ దాని చుట్టూ తిరిగి తిరిగి ఫొటోలు తీశాడు.

అప్పుడు దిగాడు మీ తమ్ముడు. నిన్నగాక మొన్న వచ్చినవాడు, చేతిలో ఫోను పట్టుకుని పంతులులా పాఠం మొదలుపెట్టాడు. ఖర్జూరం బస్తాలు తూచే కాటా ఈడ్చుకొచ్చి కారవాన్ ముక్కును దాని మీద దించాడు. మొత్తం బరువులో పదో వంతే ముక్కు మీద పడాలట. అంతకన్నా తక్కువైతే వెనక ఊగుతుందట, ఎక్కువైతే బండికి మంచిది కాదట. ముప్పై నీళ్ళ క్యాన్లు, గ్యాస్ సిలిండర్లు, జనరేటరు అన్నీ చక్రాల మీదికి వచ్చేలా సర్దాడు, తూచాడు, మళ్ళీ సర్దాడు, మళ్ళీ తూచాడు. పెళ్ళిలో బంగారం తూచినట్టు ఒక పూటంతా అదే పని. నాకు నవ్వాగలేదు. ముక్కు పైకి లేచి ఉందిరా, ముందర బరువు వెయ్యాలిరా అంటే, "అది బరువుతోని దిగేది కాదు బావా, హుక్కు ఇంక జర కిందికి పెట్టియ్యాలె" అంటాడు.

పదిహేనేళ్ళు ట్రాక్టర్ తోలాను. ముత్యంపేట ఫ్యాక్టరీకి చెరుకు, నిజామాబాద్ మార్కెట్‌కు పసుపు. ట్రాలీ ముందర బరువుంటేనే ట్రాక్టర్‌కు పట్టు దొరుకుతుందని నాకు ఒకరు చెప్పాలా? ఏనాడైనా ట్రాలీ ముక్కును కాటా మీద పెట్టానా?

అసలు మాట ఇంకా రాయలేదు. ఆ తూకాలన్నీ చూసి ఫహద్ మురిసిపోయాడు. పికప్ తాళం తీసి మీ తమ్ముడి చేతిలో పెట్టాడు. నా వైపు తిరిగి, "యా భోజ్, నువ్వు పక్క సీట్లో కూర్చుని దారి చూపించు" అన్నాడు. తోటవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. నేను నవ్వాను. నవ్వక ఏం చేస్తాను? ఆ రోజు అన్నం సయించలేదు ప్రేమలతా. నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేను ఈ మాట.

ఇరవయ్యారో తారీఖున బయల్దేరుతున్నాం. ఆ పొద్దున మీ తమ్ముడు లేవకముందే ఆ సరుకు నేను సరిగ్గా సర్దేస్తాను. వాడికి చెప్పే పని కూడా లేదు. బండి రోడ్డు మీద నిమ్మళంగా పోతుంటే అదంతా తన కాటా మహిమే అనుకుంటాడు, అనుకోనీ. మీ తమ్ముడికి ఈ సంగతేదీ తెలియనివ్వకు.

ఇట్లు,
నీ భోజన్న

*

బురైదా,
జనవరి 3, 2025, శుక్రవారం

ప్రేమలతకు,

ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నేనేం చెప్పలేకపోయాను. జరిగింది వివరంగా రాస్తున్నాను. కొరియర్‌లో పంపుతున్నాను కాబట్టి తొందరగానే అందుతుంది.

నేను ముందే అన్నాను మీ తమ్ముడి సంగతి. ఫోన్ చూసి బండి తోలడం నేర్చుకున్నవాడికి స్టీరింగ్ ఇస్తే ఏమవుతుందో అదే అయింది. ఇరవయ్యారు పొద్దున ఎనిమిదింటికి బయల్దేరాం. కఫీల్ ఇంటివాళ్ళు రెండు బండ్లలో ముందు పోయారు. వెనక పికప్‌లో మేమిద్దరం, మా వెనక కారవాన్. ఎనభై కిలోమీటర్లు పోయాక రోడ్డు ఎడమకు తిరుగుతుంది. అక్కడ రోడ్డు మీదికి కొంచెం ఇసుక కొట్టుకొచ్చి ఉంది. మీ తమ్ముడు స్టీరింగ్ తిప్పాడు, బండి తిరగలేదు. నేరుగా పోయి రోడ్డు దిగి ఇసుకలో పడింది. కారవాన్ పక్కకు ఒరిగి బోల్తా పడి, పికప్‌ను కూడా పక్కకు పడేసింది. కారవాన్‌లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. గోడలు చీలిపోయి మంచాలు, పొయ్యి, నీళ్ళ క్యాన్లు అన్నీ ఇసుకలో దొర్లాయి. వాడి ఎడమ చెయ్యి రెండు చోట్ల విరిగింది. నా నుదురు కొంచెం చీరుకుపోయింది, అంతే.

కారణమేమిటంటావా? స్పీడు. ఇంకేముంటుంది? కొత్త మోజు, పైగా అంత ఎత్తు బండి, అంత పెద్ద టైర్లు. ఫహద్ తాళం ఇవ్వగానే తలకెక్కింది. మలుపు ముందు నెమ్మదించాలన్న ఇంగితం లేదు. కాటా మీద తూచినవాడు తన వేగాన్ని తూచుకోలేకపోయాడు.

పోలీసులు వచ్చారు. వాడికి అరబ్బీ రాదు, వాళ్ళకు హిందీ రాదు. వాడు చెప్పింది వాళ్ళకు, వాళ్ళు అడిగింది వాడికి చెప్పింది నేనే. నా తల నుంచి నెత్తురు కారుతున్నా గంటసేపు ఎండలో నిలబడి మాట్లాడాను. నేనే లేకపోతే వాడి గతి ఏమయ్యేదో ఆలోచించు. తప్పు డ్రైవర్‌దని రాసుకుని వెళ్ళారు.

కఫీల్ చాలా కోపంగా ఉన్నాడు. కట్టు విప్పగానే వాడికి ఖురూజ్ కొట్టి పంపేస్తానన్నాడు. ఖురూజ్ అంటే నీకు తెలుసు, మళ్ళీ రావడం ఉండదు. నేను అడ్డం పడలేదు. ఏ మొహం పెట్టుకుని పడను? నేను తెచ్చిన మనిషే నా పరువు తీశాడు. ఫహద్ అయితే మీ ఊరోళ్ళందరూ ఇంతేనా అని నా ముందే అన్నాడు. ఆ మాట పడాల్సి వచ్చింది చూడు, అదీ మీ తమ్ముడి పుణ్యమే.

మీ అమ్మకు నువ్వే మెల్లగా చెప్పు. స్పీడుగా తోలాడని చెప్పు. వాడి పెళ్ళానికి కూడా చెప్పు, రేపు నన్నెవరూ ఏమీ అనకుండా ఉండాలి.

ఇట్లు,
భోజన్న

*

మెట్‌పల్లి,
జనవరి 19, 2025

శ్రీజ నాయినకు ప్రేమలత రాస్తున్నది.

నీ రెండు ఉత్తరాలు అందినయి. మంచి పుస్తకం భాషలో రాసినవు. పదో తరగతి తప్పినవాడు ఇంత చక్కగా రాస్తడని నీ బడి సార్లకు చూపించాలనిపించింది. ముస్తాకన్న రేపు బయల్దేరుతున్నడు, మామిడికాయ తొక్కు డబ్బా కింద ఈ కాగితం పెట్టిన. తొక్కు కోసం వెతికితే ఇది దొరుకుతది.

చెప్పమన్నవని అమ్మకు చెప్పిన. స్పీడుగా తోలిండట అమ్మా అని. మా అమ్మకు చదువు రాదు. చాట పక్కకు పెట్టి నా మొహం చూసి, "యాదగిరా? స్పీడా?" అన్నది. మళ్ళ చాట ఒళ్ళోకి తీసుకున్నది. మన పెళ్ళిల వాడు మోటర్‌సైకిల్ మీద నిన్ను తీసుకొస్తుంటే వెనక కూర్చున్న నువ్వే, నడిచిపోయినా ముందు చేరుదుమని అందరి ముందు ఎక్కిరించినవు. మరిచినవేమో. వాని మెల్లతనం చూసి నువ్వు ఇన్నేండ్లు నవ్వినవు, ఇప్పుడు స్పీడంటున్నవు.

ఆ రాత్రి కాదు, మర్నాడు పొద్దున నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని మళ్ళ చదివిన. మొదటి దాంట్ల, ఇరవయ్యారు పొద్దున వాడు లేవకముందే సరుకంతా నేను సర్దుతానని రాసినవు. రెండో దాంట్ల సరుకు మాటే లేదు. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరినం అనే మొదలుపెట్టినవు. ఎనిమిదింటి కంటే ముందు ఏం చేసినవు? నా దగ్గర దాచుకోమని ఇచ్చిన ఉత్తరంల నువ్వే రాసుకున్నవు గద, ఇంక నన్నేం అడుగుతవు?

నేను బండి తోలను. కానీ నీ బండెక్కిన. శ్రీజ కడుపులో ఉన్నప్పుడు మా అమ్మగారింటి నుంచి ట్రాక్టర్ మీద తీసుకొచ్చినవు, వెనక చెరుకు ట్రాలీ. కాలువ కట్ట ఎక్కుతుంటే ముందు చక్రాలు గాల్లోకి లేచినయి. నేను కేకేసిన. నువ్వు పెద్దగా నవ్వి, భయమెందుకే, చక్రాలు లేస్తే ఏమాయె, ట్రాక్టర్‌కు కుడికొక బ్రేకు ఎడమకొక బ్రేకు ఉంటది, ఒక్కదాన్నే తొక్కితే అటే తిరుగుతదని చూపించినవు. తిరిగింది కూడా. ఆ రోజు నువ్వు ఎంత గొప్పోనివని అనుకున్న. ఇప్పుడు ఒక్కటి అడుగుతున్న, నాకు తెల్వక అడుగుతున్న. ఆ పికప్‌కు కుడి బ్రేకు ఎడమ బ్రేకు వేరువేరుగా ఉంటయా? ముందు చక్రాలు తేలితే దాన్ని దేనితోని తిప్పాలె?

వాడు ఫోన్ చేసిండు. నాదే తప్పక్కా, స్పీడు తోలిన అన్నడు. చిన్నప్పటి నుంచి వానికి అబద్ధం ఆడ రాదు, ఆడితే గొంతు పలచబడుతది. పలచబడ్డది.

ఖురూజ్ కొడితే వాడు వస్తడు. వచ్చి ఏం చేస్తడు? కోట్ల రూపాయల బండి బోల్తా కొట్టిచ్చిండని అప్పుడే వాడకట్టంతా అనుకుంటున్నరు, రేటు కూడా వాళ్ళే పెంచిన్రు. ఇక్కడ ఆటో స్టీరింగ్ కూడా వానికి ఎవరూ ఇయ్యరు. వానికి తెలిసిన పని అదొక్కటే. పైగా విరిగిన చెయ్యి. తాళం నీకియ్యలేదని అన్నం తినకుంటివి, వాని అన్నం గుంజుకుంటివి.

నాకు ఇంకో ఉత్తరం రాసి తప్పయింది ప్రేమలతా అని ఏడువకు. నాకు ఏడిస్తే నీకేం ఖర్చు? నేను పెళ్ళాన్ని, చదువుకుని పెట్టెల పెట్టుకుంట. నీకు తొమ్మిదేండ్ల అరబ్బీ ఉన్నది గద. ఎవరికి చెప్పాల్నో వాళ్ళకు ఆ అరబ్బీల పోయి చెప్పు. చెప్పినంకనే నాకు రాయి. అప్పటి దాకా ఫోన్ చేస్తే శ్రీజ ఎత్తుతది.

ప్రేమలత

*

బురైదా,
ఫిబ్రవరి 7, 2025, శుక్రవారం

ప్రేమలతకు,

చెప్పాను. అందుకే రాస్తున్నాను. ఏమైందో చివరిదాకా చదువు, మధ్యలో చింపకు.

ముందు నువ్వడిగిన దానికి జవాబు. ఉండవు. పికప్‌కు ఒకటే బ్రేకు. ఆ పొద్దున ఐదున్నరకు లేచి ముప్పై క్యాన్లూ ఒక్కొక్కటిగా మోసి కారవాన్ ముందు గదిలోకి చేర్చాను. సిలిండర్లు, జనరేటరు కూడా అక్కడికే లాగాను. ముక్కు దిగింది. పికప్ వెనక కూర్చుంది, ముందు లేచింది. అది చూసి, ఇప్పుడు గట్టిగా పట్టుకుందిరా అని నాకు నేనే మెచ్చుకున్నాను. ఫహద్ వేయించిన మెత్తటి స్ప్రింగులు అంత బరువుకు ఆగవని, ముందు చక్రాలు రోడ్డును సరిగ్గా తాకడం లేదని నాకు తట్టలేదు. తట్టలేదంటే అది కూడా పూర్తి నిజం కాదు. ఇరవై కిలోమీటర్లు పోయాక మీ తమ్ముడు, "బావా, స్టీరింగ్ తేలుతాంది. జరసేపు ఆపి సూద్దాం" అన్నాడు. ఆపితే లోపల చూస్తాడు. చూస్తే నేను జరిపానని తెలుస్తుంది. "ట్రాక్టర్ తోలినోన్ని పక్కన పెట్టుకొని భయమేందిరా? ఎద్దులబండి లెక్క పోతున్నవ్. తొక్కు" అన్నాను. వాడు తొక్కలేదు. మలుపులో వాడి వేగం అరవై కూడా లేదు. వాడు మెల్లగా తోలబట్టే నేను ఈ ఉత్తరం రాయడానికి మిగిలాను.

ఇంకొకటుంది. అది నువ్వు కనిపెట్టలేదు, నేనే చెబుతున్నాను. పోలీసాయన ఏం జరిగిందని అడిగినప్పుడు మీ తమ్ముడు విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, చీలిన ముందు గదిలోంచి దొర్లిన క్యాన్లనే చూస్తూ కూర్చుని ఉన్నాడు. "ముందటి చక్రాలు పట్టలే సార్. సామాను ఎవరో ముందటికి జరిపిన్రు" అన్నాడు. ఎవరో అన్నాడు. నేను ఆ పోలీసాయన వైపు తిరిగి, వేగంగా పోయానని ఒప్పుకుంటున్నాడు అని అరబ్బీలో చెప్పాను. వేగానికి అరబ్బీలో సుర్‌అ అంటారు. మీ తమ్ముడికి అరబ్బీ రాదు కానీ ఆ ఒక్క మాట వచ్చు. ఇక్కడ డ్రైవర్‌కు మొదట నేర్పే మాటే అది. వాడు తలెత్తి నన్ను చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. ఆ తర్వాత వాడు ఎవరడిగినా స్పీడు తోలానే అంటూ వచ్చాడు, నీకు కూడా అదే చెప్పాడు.

నీ ఉత్తరం తొక్కు డబ్బా కింద దొరికిన రోజు నీ మీద పట్టలేనంత కోపం వచ్చింది. చాట ముందు కూర్చుని బీడీలు చుట్టుకునేది నాకు బండి గురించి చెబుతుందా అనుకున్నాను. రెండు రోజులు ఆ కాగితం మళ్ళీ విప్పలేదు. మూడో రోజు మీ తమ్ముడు ఒంటి చేత్తో చొక్కా వేసుకుంటూ, గుండీలు పెట్టుకోలేక, నన్ను మాత్రం అడక్కుండా బయటికి పోయి ఇంకెవరితోనో పెట్టించుకొచ్చాడు. నువ్వు రాసింది అప్పుడు తలకెక్కింది.

మొన్న బుధవారం సాయంత్రం నమాజు తర్వాత అబూ ఫహద్ దగ్గరికి వెళ్ళాను. ఫహద్ కూడా ఉన్నాడు. నిలబడే చెప్పాను. సరుకు జరిపింది నేను, ఆపనివ్వనిది నేను, పోలీసులకు మాట మార్చి చెప్పింది నేను, పంపాల్సింది నన్ను అన్నాను.  కఫీల్ నన్ను నమ్మినట్టు లేడు. యాదగిరిని పిలిచి అడుగుదాం అన్నాడు. ఈసారి నేను దుబాసిగా ఉండను, నా నోటికి విలువ లేదు, ఇంకెవరినైనా పెట్టండి అని నేనే అడిగాను. ఇష్తియాక్ ఆ బోల్తా పడ్డ పికప్ చూడటానికి తోటకు వచ్చి ఉన్నాడు. వాడినే పిలిచారు.

మీ తమ్ముడు కట్టు విప్పిన చెయ్యి పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. సామాను జరిపిందెవరో నిజం చెప్పమని ఇష్తియాక్ వాణ్ణి ఉర్దూలో అడిగాడు. "యాదగిరీ, సచ్ బోల్. సామాన్ కిస్‌నే హటాయా?"

వాడు నా వైపు చూడనైనా చూడలేదు. "మైనే హటాయా. గాడీ భీ మైనే తేజ్ చలాయా. బావ ఝూట్ బోల్తా హై, మేరేకు బచానే కే లియే" అన్నాడు. సరుకు జరిపిందీ, స్పీడు తోలిందీ తనేనట, తనను కాపాడటానికి నేను అబద్ధమాడుతున్నానట.

నేను సామాను జరిపింది నేనని అరిచాను. ఇష్తియాక్ తన పని తాను చేశాడు. విన్నది విన్నట్టు, ఒక్క మాట తేడా లేకుండా అరబ్బీలో చెప్పాడు. అలా కూడా చెప్పవచ్చని అప్పుడు చూశాను. అబూ ఫహద్ లేచొచ్చి నా భుజం తట్టాడు. బామ్మర్ది కోసం తన పొట్ట మీద తానే కొట్టుకునే బావను ఈ రోజుల్లో చూడలేం అన్నాడు. ఫహద్ కూడా నాకు చెయ్యి కలిపాడు. ఆ ఇద్దరూ నన్ను చెప్పుతో కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు ప్రేమలతా. మీ తమ్ముడి ఖురూజ్ కాగితం మీద అక్కడే వేలిముద్ర పడింది.

గదికి వచ్చాక అడిగాను, ఎందుకురా అలా చెప్పావని.

"ఇద్దరం పోతె ఇంట్ల పొయ్యి ఎట్ల మండాలె? శ్రీజ నర్సింగు సదువుతాంది. మా అక్క కోసం చెప్పిన. నీ కోసమనుకునేవు" అన్నాడు.

నేను మళ్ళీ వెళ్ళి చెబుతాను, ఆ పికప్ వెనక స్ప్రింగులు ఎలా కుంగాయో ఇష్తియాక్‌ను చూసి చెప్పమంటాను అన్నాను.

"చెప్పు బావా. పదిసార్లు చెప్పు, పదిసార్లు మెచ్చుకుంటరు. నన్నయితె పోనియ్యి. నువ్వు నా పక్క సీట్ల కూసున్న దినమే సాలు నాకు."

ఇంత మాట వాడు నన్ను ఎప్పుడూ అనలేదు. పెళ్ళయిన నాటి నుంచి నా ముందు మంచం మీద కూర్చోనివాడు. 

నేనిక్కడే ఉండిపోతున్నాను. సిగ్గు లేదా అంటావు. ఉంది. వాడు నీ కోసం వదులుకున్న చోటును నేను రోషానికి పోయి వదిలేస్తే, వాడి రెండో చెయ్యి కూడా నేను విరిచినట్టే. శ్రీజ చదువు అయ్యేదాకా ఉంటాను, ఆ తర్వాత వచ్చేస్తాను. నువ్వు రమ్మంటేనే ఇంటికొస్తాను.

నువ్వు చెప్పమన్న చోట చెప్పాను, చెల్లలేదు. చెల్లే చోటు ఇక మన వాడకట్టే. ఈ ఉత్తరాన్ని మొదటి రెండింటిలా దాచకు. మీ అమ్మకు, వాడి పెళ్ళానికి చదివి వినిపించు. అక్కడితో ఆపకు. ఆటోల అడ్డా దగ్గర, ట్రాక్టర్ల వాళ్ళ దగ్గర చదివించు. యాదగిరి అరవై కూడా దాటలేదని, బండిని తూచి సర్దినవాడు వాడేనని, పాడుచేసింది భోజన్న అని అందరికీ తెలియాలి. వాడికి మళ్ళీ ఎవరైనా తాళం ఇవ్వాలి. మీ తమ్ముడే ఈ ఉత్తరం తెస్తున్నాడు. ఇక్కడిదాకా రాసి, చదవమని విప్పే ఇచ్చాను. "అక్కకు గద" అని చదవకుండానే మడిచి నా చేతికిచ్చాడు.

ఆ తర్వాత వాడు పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాడు. సాయంత్రం విమానం, ఇష్తియాక్ తన బండిలో దింపుతానన్నాడు. ఎడమ చెయ్యి ఇంకా సరిగ్గా లేవడం లేదు వాడికి. నేను లేచి దగ్గరికి పోయి, బట్టలు మడిచి ఇస్తానురా అని ఒక దుప్పటి అందుకున్నాను.

వాడు నా చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు.

"వద్దు బావా. నువ్వు సర్దకు" అన్నాడు.

ఒంటి చేత్తోనే సర్దుకున్నాడు. గంట పట్టింది. నేను నా మంచం మీద కూర్చుని చూస్తూ ఉన్నాను.

ఇట్లు,
భోజన్న